ఒక్కదాన్నే ఉండనీకి బండి ఎంత పెద్దది కావాలె?

ప్రశ్న: చెల్లీ, నేను మిర్యాలగూడ దగ్గర జెడ్పీ హైస్కూల్ల సోషల్ టీచర్‌గా చేసి 61 ఏండ్లకు రిటైర్ ఐన. 34 ఏండ్లు పిల్లలకు పటం మీద గంగ, హిమాలయాలు, థార్ ఎడారి చూపించిన గానీ నేను కండ్లార చూసింది తిరుపతి, షిర్డీ అంతే. మా సారు పోయి ఆరేండ్లైంది, బిడ్డ అమెరికాల ఉంటది. ఒక మోటర్ హోమ్ కొనుక్కొని దాంట్లనే ఉంటూ ఒక్కదాన్నే దేశం తిరగాలని ఉన్నది. 24 లక్షలు పెట్టగల్గుత. మంచం, కిచెన్, బాత్రూం, ఏసీ, టీవీ అన్నీ ఉన్న పెద్ద ట్రావెలర్ బండి ఒకటి చూసిన, మనసంత దానిమీదనే ఉన్నది. మా అన్న కొడుకేమో పాత స్కూల్ వ్యాన్ కొని మన దగ్గరనే బాడీ షాపుల లోపల కట్టిస్తే సగం పైసలల్ల ఐతది అంటున్నడు. 12 ఏండ్లసంది కారు నడుపుతున్న. ఏది తీసుకోవాలె? ఈ వయసుల ఇది చేయొచ్చునా?
– రిటైర్డ్ టీచర్, మిర్యాలగూడ

జవాబు: అక్కా, చేయొచ్చు. వయసు సంగతి పక్కకు పెట్టున్రి, ముందుగాల ఒక్కటి అడుగుత. ఆ పెద్ద బండి చూసినప్పుడు మంచం మీద కూసొని చూసుంటరు, వంటగట్టు ముట్టి చూసుంటరు, మరి డ్రైవర్ సీట్ల కూసొని రివర్స్ తీసి చూసిన్రా? ఎనక ఎవ్వరు నిలబడి రానీ రానీ అని చెయ్యి ఊపకుండ, మీరొక్కరే?

ఎందుకు అడుగుతున్నంటే నేను మొదటిసారి కొన్నది గట్లాంటి పొడుగు బండే. జడ్చర్ల నుంచి బయల్దేరిన మూడో వారంల ఒక పల్లె సందుల ఎదురుంగ పత్తి బోరాల ట్రాక్టరు వచ్చింది, నేను ఎనకకు తీయాలె, ఎనక మలుపు, పక్కన మోరి, చెమటలు పట్టినయ్, ఊరోళ్లు పదిమంది వచ్చి తలా ఒక దిక్కు చెప్పుడు, చివరికి ఒక పిలగాడు ఎక్కి తీసి ఇచ్చిండు. ఆ దినం నుంచి చిన్న రోడ్డు చూస్తే భయం పట్టుకున్నది. చిన్న రోడ్లకు పోకుంటే ఇగ తిరుగుడు ఎందుకు, హైవే మీద ధాబాలు చూసుకుంట ఉండనీకేనా? 14 నెలలకు అమ్మేసిన. అందుకే ఒక్కరే ఉండేటోళ్లు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, బండ్ల ఉన్న ప్రతి వస్తువు పక్కన నిలబడి "ఇది నేనొక్కదాన్నే చేసుకోగల్గుతనా" అని అడుగున్రి. రివర్స్ తీసుడు, నీళ్లు నింపుడు, టాయిలెట్ డబ్బా తీసి కడుగుడు, సిలిండర్ మార్చుడు, అర్ధరాత్రి లేసి బండి కదిలించుడు. కాదు అనిపిస్తే అది మీకు పెద్దది.

మీ అన్న కొడుకు చెప్పిన మాట మంచి మనసుతోనే చెప్పిండు గానీ అదే అన్నిటికన్నా ప్రమాదం. మోటర్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండి తయారైనప్పుడు ఉన్న రూపాన్ని మన ఇష్టమొచ్చినట్టు మార్చనీకి లేదు, 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ గదే తేల్చి చెప్పింది. నా మొదటి బండి గూడ గట్ల బాడీ షాపుల కట్టించిందే, లోపల మంచం, సింకు పెట్టిండ్రు, ఆర్సీల మాత్రం పాత సీట్ల లెక్కనే ఉండె. ఎనకనుంచి లారీ తాకి డోరు పోయింది, క్లెయిం పెడితే ఆర్సీల ఉన్న బండి ఇది కాదని ఇన్సూరెన్సోళ్లు వాపస్ పంపిండ్రు. తప్పు నాదే, అడగకుండ కొన్న. మన దేశంల సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్‌ను నాన్ ట్రాన్స్‌పోర్ట్ బండిగ రిజిస్టర్ చేసే వీలు ఉన్నది, దానికి ఏఐఎస్ 124 అని మోటర్ క్యారవాన్లకు ప్రత్యేకం స్టాండర్డ్ గూడ ఉన్నది. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చేముందు కట్టేటోన్ని రెండు అడుగున్రి: ఈ మోడల్‌కు అప్రూవల్ కాయితం ఉన్నదా, ఆర్సీల బాడీ టైపు ఏమని పడ్తది. "అదంత మేం చూసుకుంటం మేడం" అంటే లేసి వచ్చేయున్రి. ఆ కాయితం తీసుకొని నల్లగొండ ఆర్టీఏ ఆఫీసుకు పోయి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి అడిగితే ఒక్క పూట పని, నాకు పోయిన పైసల ముందు అదెంత.

లైసెన్స్ గురించి భయపడకున్రి. మీకున్న కారు లైసెన్స్, అంటే ఎల్ఎంవీ లైసెన్స్, 7500 కిలోల లోపు బండ్లకు నడుస్తది, ఇవన్ని ఆ లోపలనే ఉంటయ్. 55 దాటినంక 5 ఏండ్లకొకసారి రెన్యువల్, డాక్టర్ సర్టిఫికెట్ తోని, ఆ తారీకు మాత్రం తిరుగుట్ల పడి మర్సిపోవద్దు.

ఇగ ఏ బండి అంటే, నా లెక్కల ట్రావెలర్‌ల 3350 వీల్‌బేస్‌ది (ముందు ఇరుసు నుంచి ఎనక ఇరుసు దాకా దూరం, మిల్లీమీటర్లల్ల) గానీ, టాటా వింగర్ పొట్టిది, 3200 వీల్‌బేస్‌ది గానీ మీకు సరిపోతది. మీరు చూసింది బహుశా 4020 అయ్యుంటది, దాంట్ల నలుగురు ఉండొచ్చు, మీరు ఒక్కరు. ఫోర్స్ కంపెనీ అర్బేనియా వ్యాన్ నడపనీకి సుఖంగ ఉంటది గానీ బండికే పైసలన్ని పోతే లోపలికి ఏం మిగలదు. పికప్ మీద డబ్బా కట్టినయ్ గూడ ఉన్నయ్, బొలెరో అంటే ప్రతి మండలంల మెకానిక్ దొరుకుతడు, అది మస్తు పెద్ద సుఖం, గానీ వాటిల పండే దిక్కు నుంచి స్టీరింగ్ దగ్గరికి రావాలంటే కిందికి దిగాలె. ఒక్కతే ఉండే ఆడమనిషికి నేనది వద్దంట. రాత్రి ఎవరో తలుపు కొట్టిండ్రు, తాగినోడో, ఊరికే అడిగేటోడో తెల్వదు, మంచం మీది నుంచి లేసి సీట్ల కూసొని స్టార్ట్ చేసి పోగల్గాలె, అంతే. అందుకే సాయంత్రం బండి పెట్టేటప్పుడే మూతి రోడ్డు దిక్కు పెట్టాలె, తాళంచెవి ఒకటే జాగల ఉండాలె, సీటు మీద బట్టలు, సామాన్లు ఉండొద్దు. నిలబడితే తల తగలకుండ ఉండుడు గూడ చూసుకోన్రి. మూడు రోజుల టూరుకు వంగి నడిస్తే నడుస్తది, ఏడాదంత వంగి వండితే నడుము ఉండదు.

బరువు సంగతి ఎవ్వరు చెప్పరు. 120 లీటర్ల నీళ్ల ట్యాంకు అంటే 120 కిలోలు, దాని పక్కన బ్యాటరీలు, ప్లైవుడ్ అల్మార్లు, మీ బట్టలు, పుస్తకాలు (టీచర్లకు పుస్తకాలు ఎట్లుంటయో నాకు తెలుసు), అన్ని ఎనక ఇరుసు మీదనే పడ్తయ్. మీది రైస్ మిల్లుల ఊరు, కాంటాలకేం కొదవ. కొనేముందు ట్యాంకు నింపిపిచ్చి, సామాను పెట్టి, బండిని కాంట మీద ఎక్కియ్యున్రి, ముందు ఇరుసు ఒక్కసారి, ఎనక ఇరుసు ఒక్కసారి, మొత్తం ఒక్కసారి. కంపెనీ ఇచ్చిన గరిష్ఠ బరువుకు కనీసం 200 కిలోలు తక్కువ ఉంటేనే నేనైతే కొంట. బరువెక్కిన బండికి ఘాట్‌ల బ్రేకు కాలుతది, టైరు పేలుతది, స్టెప్నీ మార్చుడు గూడ ఒక్కదానితోని అయ్యే పని కాదు. దాని కోసం బలం చేయకున్రి, ట్యూబ్‌లెస్ పంచర్ కిట్టు, 12 వోల్టుల గాలి మిషిని పెట్టుకోన్రి, రోడ్డు సాయం ఉన్న ఇన్సూరెన్స్ తీసుకోన్రి.

ఏసీ గురించి కొంచెం లెక్క చెప్త, మీరు సోషల్ టీచరైనా ఈ లెక్క మాత్రం బుక్కుల రాసుకోన్రి. 12.8 వోల్టుల 100 యాంపియర్ అవర్ లిథియం బ్యాటరీ అంటే 1280 వాట్ అవర్లు. టన్ను ఏసీ గట్టిగ నడిస్తే 1000 వాట్ల దాకా గుంజుతది. అంటే ఆ బ్యాటరీ గంట చిల్లర, అంతే. మిద్దెమీద 400 వాట్ల సోలార్ ప్యానెల్ పెడితే మంచి ఎండ ఉన్న దినం 1600 దాకా వస్తది, ముసురు పట్టినప్పుడు అండ్ల సగం గూడ రాదు. మరి మన నల్లగొండ మే నెల మీకు చెప్పేదేముంది, 44, 45 డిగ్రీలు, రాత్రి పదింటికి గూడ రేకు వేడి తగ్గదు. రాత్రంత ఏసీ నడిపిస్తం అని ఎవడన్నా చెప్తే ఎన్ని బ్యాటరీలు, ఎంత బరువు అని అడుగున్రి. ఇంజన్ ఆన్ పెట్టి పండుకుంట అనుకోకున్రి, పొగ లోపలికి వస్తే పానం పోతది, పైగ ఇప్పటి బీఎస్ 6 డీజిల్ బండ్లల్ల నిలబెట్టి ఇంజన్ నడిపిస్తే పొగ ఫిల్టర్ మసితోని జామ్ ఐతది.

దానికి బదులు ఏం చేయాలె అంటే, రేకుకు, ప్లైవుడ్‌కు నడుమ మందం ఫోమ్ వేయించుకోన్రి, మిద్దెకు తెల్ల రంగు, పైన గాలి గుంజే ఫ్యాను, లోపల 30 వాట్ల ఫ్యాను, చిన్న 12 వోల్టుల ఫ్రిజ్. ఫ్యాను పది గంటలకు 300, ఫ్రిజ్ దినమంతకు 600, లైట్లు, ఫోను కలిపి 100, మొత్తం 1000 వాట్ అవర్లు. 200 యాంపియర్ల బ్యాటరీ ఉంటే ఎండ రాకున్నా రెండు రోజులు వెళ్తది. ఏసీ పెట్టించుకోన్రి గానీ కరెంటు ప్లగ్గు దొరికిన కాడనే వాడుకునేటట్టు. ఎండకాలం బండి ఊటీ దిక్కో, కొడైకెనాల్ దిక్కో తిప్పున్రి, వానకాలం తగ్గినంక మన దిక్కు రాన్రి. ఇల్లు కదలదు కాబట్టి ఎండను ఓర్సుకున్నం ఇన్నేండ్లు, ఇల్లే కదిలినప్పుడు ఓర్సుకునే పనేముంది.

నీళ్ల సంగతిల మన జిల్లోళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగినోళ్లను మనం చిన్నప్పటిసంది చూసినం. నాగపూర్‌ల ఉన్న నీరి సంస్థోళ్లు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెడితే దానికి పేరే నల్లగొండ టెక్నిక్ అని పడ్డది. గానీ బండి మీద పోయేటోళ్లు గదే మర్సిపోతరు, ఎక్కడో బోరు కాడ ట్యాంకు నింపుకొని కాచి తాగితే చాలు అనుకుంటరు. కాస్తే క్రిములు చస్తయ్, ఫ్లోరైడ్ పోదు. ట్యాంకు నీళ్లు స్నానానికి, గిన్నెలకు, తాగనీకి 20 లీటర్ల క్యాను వేరుగ పెట్టుకోన్రి. బండ్ల ఆర్వో వద్దు, అది మనం తాగే నీళ్లకన్న ఎక్కువ నీళ్లు కింద పారబోస్తది.

టాయిలెట్ కావాలె అక్కా, దాంట్ల మొహమాటం లేదు. ఆడోళ్లు తిరుగుళ్లల్ల నీళ్లు తాగకుండ కడుపు బిగబట్టుకొని ఉంటరు, కిడ్నీలు పాడైతయ్, నాకు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి వారం పండిన. క్యాసెట్ టాయిలెట్ అని ఉంటది, కింద డబ్బా 17, 18 లీటర్లు పడ్తది, ఒక్క మనిషికి రెండు మూడు రోజులు వస్తది, నిండితే సూట్‌కేసు తీరుగ గుంజుకొని పోయి పెట్రోల్ బంకు లెట్రిన్‌ల పోసి కడుగుడే. నిండిన డబ్బా 20 కిలోలకు దగ్గరుంటది, సగం నిండంగనే తీయున్రి. అమెరికాల క్యాంపుల కాడ కరెంటు, నీళ్లు, ఈ మురికి పోసే మోరి అన్ని ఒక్క కాడ దొరుకుతయ్, మీ బిడ్డ చూసే ఉంటది, మన దగ్గర గవి ఇంక తక్కువ. కాల్వల మాత్రం పోయొద్దు. సాగర్ ఎడమ కాల్వ కాడ ఒక బండోళ్లు పోస్తుంటే నేను దిగి కొట్లాడిన, కింద ఊర్లోళ్లు ఆ నీళ్లు తాగుతరు.

వంటకు 5 కిలోల చిన్న సిలిండర్ చాలు, పెట్రోల్ బంకులల్ల గూడ దొరుకుతది. గ్యాస్ గాలికన్న బరువు, లీకైతే నేల మీదనే పేరుకుంటది, కాబట్టి సిలిండర్ డబ్బాకు కింద రంధ్రం ఉండాలె, లీకు అలారం కాళ్ల దగ్గర ఉండాలె. చానా మంది అలారం మిద్దెకు కొట్టిస్తరు, అది మోగేటప్పటికి ఆలస్యమైపోతది.

మీ 24 లక్షలల్ల 20 దాటకున్రి. ఆర్సీల క్యాంపర్ వ్యాన్ అని రాసున్న సెకండ్ హ్యాండ్‌ది దొరికితే ముందు అదే చూడున్రి. మిగిలిన 4 లక్షలు బ్యాంకుల ఉండనీ, మొదటి ఏడు బండ్ల ఏదో ఒకటి మార్చాలనిపిస్తది, లేదంటే దవాఖాన పడ్తది. ఇల్లు అమ్మకున్రి. కిరాయికి ఇచ్చినా ఒక అర్ర మీ పేరు మీద ఉంచుకోన్రి, ఆధార్, పెన్షన్, ఓటు అన్ని ఆ అడ్రసు మీదనే కదా. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్ల మొహం చూపించి గూడ ఇయ్యొచ్చు, ఊరికి రావాల్సిన పని లేదు. ఇంకో రాష్ట్రంల బండి వరుసగ 12 నెలలు దాటి ఉంటే అక్కడ మల్ల రిజిస్టర్ చేయించాలె, గానీ మీరు బతుకమ్మకన్న ఇంటికి వస్తరు కదా.

కొనేముందు పది రోజులు కిరాయి బండి తీసుకోన్రి. సాగర్ కాడ ఒక రాత్రి, దేవరకొండ మీదుంగ డిండి, అచ్చంపేట, కొల్లాపూర్ దాటి సోమశిల, అక్కడికెళ్లి పెబ్బేరు కాడ హైవే ఎక్కి అలంపూర్, జూరాల, గద్వాల. హరిత హోటళ్ల కాడ మేనేజర్‌ను అడిగితే కాంపౌండ్ల పెట్టుకోనిచ్చే వీలుంటది, పైసలు ఇస్తమని మీరే ముందు చెప్పున్రి. శ్రీశైలం పోవాలనిపిస్తే మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాకా బందు ఉంటది, అది పులుల అడవి, నడుమ ఎక్కడ ఆపి పండుకుంట అనొద్దు. ఆ పది రోజులల్ల ఒక్క దినమన్నా వాన పడాలె, ఒక్క దినమన్నా మీకు జ్వరమో తలనొప్పో ఉన్నప్పుడు బండి నడపాల్సి రావాలె అని కోరుకుంటున్న, శాపం కాదు అక్కా, అప్పుడే ఆ బండి మీదో కాదో తెలుస్తది. తిరిగి వచ్చినంక నాకు మల్ల రాయున్రి.

ప్రశ్న: అక్కా, నాది నాగర్‌కర్నూల్, 27 ఏండ్లు, సాఫ్ట్‌వేర్, వర్క్ ఫ్రం హోమ్. 4 లక్షలల్ల పాత మారుతి ఈకో వ్యాన్ గానీ పాత అంబులెన్స్ గానీ తీసుకొని దాంట్లనే ఉండి పని చేసుకోవాలని ఉన్నది. నడుస్తదా?

జవాబు: తమ్మీ, అంబులెన్స్ వద్దు. అవి మస్తు స్పీడ్ల, ఆగకుండ ఉరికిన బండ్లు, పైగ అంబులెన్స్ అని ఉన్న ఆర్సీని సొంత బండిగ మార్పించనీకి ఆర్టీఏ చుట్టు తిరగాలె, మార్చకుండ నడిపితే నా క్లెయిం కథనే నీకు. ఈకో ఐతే తీసుకో గానీ వెల్డింగ్ చేయించకు, సీట్లు పీకెయ్యకు. ఎనక సీటు మడిచి దాని మీద పరిచే చెక్క పెట్టెలు చేయించుకో, సామాను లెక్క ఎక్కియ్యాలె, దించాలె. సీఎన్జీ ఈకో తీసుకుంటే డిక్కీల సిలిండరే కూసుంటది, నీకు జాగ ఉండదు, పెట్రోల్‌ది చూడు. కొనేముందు పరివాహన్ వెబ్‌సైట్ల నంబరు కొట్టి చలాన్లు, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ తారీకు చూసుకో, 15 ఏండ్లు దగ్గర పడ్డ బండి ఐతే మల్ల ఫిట్‌నెస్, రెన్యువల్ ఖర్చు నీ మీద పడ్తది.

ల్యాప్‌టాప్ 60 వాట్లు అనుకున్నా 8 గంటలకు 480, ఒక్క 100 యాంపియర్ల బ్యాటరీ చాలు. నీకు కష్టమయ్యేది కరెంటు కాదు, సిగ్నల్. మన్ననూర్ దాటినంక నల్లమలల సిగ్నల్ వస్తది పోతది, మీటింగ్ ఉన్న దినం అచ్చంపేట ఈవలనే ఉండు, రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకో. ఇంకొకటి, ఈకోల నువ్వు నిలబడలేవు. వారంల నాలుగు రోజులు బండ్ల, మూడు రోజులు ఇంట్ల అని ఆర్నెల్లు చూడు, ఏడాదంత దాంట్లనే అని ఇప్పుడే ఇంటోళ్లకు చెప్పకు, మీ అమ్మ బెంగ పెట్టుకుంటది.

ప్రశ్న: గద్వాల నుంచి రాస్తున్న. బొలెరో ఉన్నది, దాని ఎనక క్యారవాన్ ట్రైలర్ తగిలించుకొని ఒక్కన్నే తిరగొచ్చా?

జవాబు: అన్నా, ట్రైలర్‌కు గూడ వేరే రిజిస్ట్రేషన్, నంబరు కావాలె, బొలెరో ఎంత గుంజొచ్చో కంపెనీ బుక్కుల చూసుకోవాలె. మీకు ట్రాక్టర్ ట్రాలీ రివర్స్ తీసుడు అలవాటుంటే సగం పని వచ్చినట్టే, స్టీరింగ్ ఇటు తిప్పితే ట్రైలర్ అటు పోతది. గానీ ఒక్కరే ఉన్నప్పుడు రాత్రి కదలాల్సి వస్తే ట్రైలర్ల నుంచి దిగి బొలెరో ఎక్కాలె, ఇరుకు ఘాట్ల ఎనకకు తీయాల్సి వస్తే చూసేటోడు ఉండడు. ఒక్క కాడ నెల రెండు నెలలు ఉండేటట్టైతే ట్రైలర్ మంచిదే, దాన్ని అక్కడ పెట్టి బొలెరోల ఊర్లల్ల తిరగొచ్చు. దినం ఒక ఊరు తిరిగేటట్టైతే తీసుకోకు.